మామగారి కోత

మార్చి 2

నా పిచ్చుకకి,

రెండు చేతులూ ఎత్తి దీవించి, అందులో ఒకటి దించి మీ నాన్న రాస్తున్నది.

నీ ఉత్తరం అందింది. నేను చదివాను. మీ అమ్మకి చదివి వినిపించాను. మన లిఫ్టు బాగుచేయడానికి వచ్చిన మెకానిక్కి కూడా వినిపించాను. పాపం అతను లిఫ్టు గుంటలో ఉన్నాడు, మధ్యలో పైకి రావడానికి వీల్లేక మొత్తం విన్నాడు. "మంచి సంగతే బాబాయ్, కాస్త ఆ స్పానర్ ఇటివ్వండి" అన్నాడు. నలభై ఏళ్ళ కిందట బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ళ కోసం చేసిన బూటుని మీ కంపెనీవాళ్ళు మళ్ళీ బయటికి తీయడమేమిటి, దాన్ని ఈ కాలానికి తగ్గట్టు కొత్తగా దిద్దే పని నీ చేతిలో పెట్టడమేమిటి. పాదం బొమ్మ గీయమంటే ఆరు వేళ్ళు గీసిన పిల్ల చేతిలో. ఆనందం పట్టలేక నిన్న టీలో రెండుసార్లు చక్కెర వేసుకున్నాను. మీ అమ్మ చూసి కూడా ఊరుకుందంటే తనెంత సంతోషంగా ఉందో ఊహించుకో.

ఇక రెండో సంగతి. చిన్నదే.

పాల బూత్ దగ్గర మీ మామగారు కనిపించారు. నేను ఆయన పాదాల వైపు చూశాను. కావాలని కాదు. అంత పొడుగు మనిషి మొహం చూడాలంటే నాకు మెడ పట్టేస్తుంది, అందుకని ఎప్పుడూ కిందికే చూసి మాట్లాడతాను. చూద్దును కదా, తెల్లటి బూట్లు. చీలమండ దాటి పైదాకా ఉన్నాయి. పక్కన ఇటుక రంగు పట్టీ. "ఏం బావగారూ, కొత్తవా?" అన్నాను. "కోడలు పంపింది. ఇంకా దుకాణాల్లోకి రాలేదు" అన్నారు, పాల పాకెట్లు లెక్క చూసుకుంటూ, అదేదో రోజూ జరిగే విషయమన్నట్టు.

అంటే ఆ బూట్లు నీవి. నువ్వు చేసినవి. నాకంటే ముందు ఆయన కాళ్ళకి చేరాయి.

నాకేమీ అసూయ లేదు, అది నీకు తెలుసు. ఊరికే అడుగుతున్నాను. నీళ్ళ శాఖలో వీధివీధికీ తిరిగి వాల్వులు తిప్పిన కాళ్ళు నావి. ఆయన బ్యాంకులో కుర్చీలో కూర్చున్నారు. నడక గురించి ఎవరిని అడగాలి? మీ అమ్మేమో "మీకు పంపితే దండేసి కూర్చుంటారని పంపలేదేమో" అంటోంది.

అల్లుడిగారిని అడిగానని చెప్పు.

నీ సంతోషంలో మెడదాకా మునిగి ఉన్న
మీ నాన్న


మార్చి 9

నాన్నా,

అమ్మ సరిగ్గానే చెప్పింది.

మామయ్యగారికి ముందు పంపడానికి కారణం ఉంది. ఆయన కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడారు. నలభై ఏళ్ళ కిందటి అసలు బూటు వేసుకుని ఆడిన మనిషి మన రెండు కుటుంబాల్లో ఆయనొక్కరే. పాతదానికీ కొత్తదానికీ తేడా చెప్పగలరు. ఇంకో కారణం, ఆయన మొహమాటం లేకుండా తిడతారు.

నువ్వు తిట్టవు. చిన్నప్పుడు నేను అట్టతో టోపీ చేసిస్తే వానలో పెట్టుకుని డ్యూటీకి వెళ్ళావు. అది కరిగి చెవుల మీదికి జారితే "ఎంత మెత్తగా ఉందో" అన్నావు. నీ మాట నమ్మి నేను ఏడో తరగతి దాకా అట్టతోనే టోపీలు చేశాను.

ఇప్పుడు నాకు నిజం కావాలి నాన్నా. ఆట బూటు చెక్క నేల మీద గెంతడానికి పుట్టింది. ఇప్పుడెవరూ దీన్ని వేసుకుని గెంతరు. ఆఫీసుకి, కూరల బజారుకి, బస్టాపుకి వెళ్తారు. అందుకే లోపలి గట్టి అట్ట తీసేసి మెత్త పెట్టాను, సోలు పలచన చేశాను, ముందుభాగం కాస్త వెడల్పు చేశాను. చూడ్డానికి మాత్రం పాతదే. ఏప్రిల్ నెలాఖరులో మా కంపెనీ పెద్దాయన ముందు నిలబడి ఒక్క మాట చెప్పాలి: ఇది రోజూ వేసుకునే బూటా, ఫోటోకి వేసుకునే బూటా. రోజూదైతే తయారీకి వెళ్తుంది. కాకపోతే షోకేసులోకి వెళ్తుంది, నేను మళ్ళీ ఇంకొకరి బూట్లకి లేసు రంగులు ఎంచుకుంటూ కూర్చుంటాను.

సరే, నీకూ ఒక జత పంపుతున్నాను. రోజూ వేసుకో. ఫోన్లో చెప్పొద్దు, ఫోన్లో నువ్వు "బంగారం" తప్ప ఇంకో మాట అనవు. ఉత్తరం రాయి, రాసేటప్పుడు ఆలోచిస్తావు. ఒక్క తప్పు కూడా లేని ఉత్తరం వస్తే చదవకుండా దాచేస్తాను.

పిచ్చుక


మార్చి 20

బంగారు పిచ్చుకకి,

(ఫోన్లో వద్దన్నావు, కాగితం మీద వద్దనలేదు.)

బూట్లు వచ్చాయి. పార్సిల్ తెచ్చినతను సంతకం పెట్టమంటే ముందు డబ్బా లాక్కున్నాను, "పెద్దాయనా, ఏం తెప్పించారు, మందులా?" అన్నాడు. విప్పి చూపించాను. అతను ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి "బాగుంది" అన్నాడు. ఊరికే అనలేదు, వాసన కూడా చూశాడు.

ఎలా ఉన్నాయో ఎలా చెప్పను? కాలు పెడితే ఎవరో రెండు చేతుల్తో పట్టుకున్నట్టుంది. రోజూ వేసుకుంటున్నాను. బజారుకి, పోస్టాఫీసుకి, పాత పంపుహౌసు దాకా. ఎక్కడా నొప్పి లేదు, ఎక్కడా రాపిడి లేదు. పెళ్ళికి వేసుకోవచ్చు, కూరలకి వేసుకోవచ్చు.

తప్పు రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను: డబ్బా మరీ అందంగా ఉంది, పారేయడానికి మనసు రావడం లేదు.

మీ మామగారు పార్కు బెంచీ మీద కూర్చుని అందరూ వినేలా నీ బూటుని ఏమంటున్నారో తెలుసా? "మడమ వెనక పట్టేస్తోంది బావగారూ. పాతది రాయిలా ఉండేది కానీ ఇలా కొరికేది కాదు." నాకు ఒళ్ళు మండిపోయింది. "మీ మడమలో లోపం ఉందేమో చూపించుకోండి" అన్నాను. ఆయన నా కాళ్ళ వైపు చూసి "మీవి ఏవీ, వేసుకోలేదే?" అన్నారు. ఆ రోజు ఉతికి ఆరేశానన్నాను.

ఆయన మాటలు పట్టించుకోకు. కోడలు చేసిందంటే అత్తింటివాళ్ళు ఏదో ఒక వంక పెడతారు. బూటులో కాదమ్మా తప్పు, చూసే కళ్ళలో ఉంది.

మీ అమ్మ నీకు ముద్దులు చెప్పమంది. నావి వేరే.

మీ నాన్న


మార్చి 29

నాన్నా,

మామయ్యగారిని ఏమన్నావు? ఆయన నాకు రాసిన కాగితం చివర "మీ నాన్నగారు నా మడమని డాక్టర్‌కి చూపించమన్నారు" అని ఉంది. మీ అల్లుడు చదివి భోజనం మధ్యలో నవ్వలేక చచ్చాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆయన వంక పెట్టలేదు, నేను అడిగితే చెప్పారు.

పైగా ఆయన చెప్పింది అక్కరకొచ్చింది. బూటు వెనక పైఅంచు, అదే కాలరు, ఎత్తు తగ్గించి, మధ్యలో వంపుగా కోశాం. ఇక్కడ ఆఫీసులో నలుగురు వేసుకుని చూశారు, హాయిగా ఉందన్నారు. కోత మిషన్ దగ్గరుండే పెద్దావిడ దానికి పేరు కూడా పెట్టింది, "మామగారి కోత" అని. ఇప్పుడు డ్రాయింగుల మీద కూడా అదే రాస్తున్నారు.

నీ జత ఒకసారి తిరిగి పంపు. సోలు ఎక్కడ అరిగిందో చూడాలి. చూసి మళ్ళీ పంపేస్తాను.

పిచ్చుక


ఏప్రిల్ 5

అమ్మాయికి,

మామగారి కోత.

చాలా సంతోషం. నిజంగా. నేను ఆ ముక్క చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాను, అప్పుడూ అదే ఉంది. ఒక మనిషి బెంచీ మీద కూర్చుని "పట్టేస్తోంది" అన్నందుకు డ్రాయింగు మీద పేరు ఎక్కింది. రేపు ఊరంతా ఆ కోత వేసుకుని తిరుగుతుంది. ఆయనకి తెలిసిపోయింది కూడా. నిన్న పాల బూత్ దగ్గర కాలు కొంచెం ముందుకి పెట్టి నిలబడ్డారు. అంతకుముందు అలా నిలబడేవారు కాదు.

నిన్ను సైకిల్ బార్ మీద కూర్చోబెట్టుకుని తిప్పింది ఎవరు? నీ అట్ట టోపీ వానలో పెట్టుకుంది ఎవరు? సరేలే, అవన్నీ బూట్ల మీద రాయలేరు.

నేనూ ఆలోచించాను. తప్పులు చెప్పినవాడికే మీ దగ్గర గౌరవమని అర్థమైంది కాబట్టి ఇదిగో నావి. లేసులు మరీ పొడుగు. లేసు కన్నాలు మరీ దగ్గర. లోపలి మెత్త ఎడమ కాలికి ఒకలా, కుడి కాలికి ఒకలా ఉంది. అన్నిటికంటే పెద్ద తప్పు లేసుల కింద ఉండే నాలుకది. నడుస్తుంటే పక్కకి జరిగిపోతోంది. చాలా ఇబ్బందిగా ఉంది. నాలుక సంగతి తప్పక చూడు. దానికి ఏదైనా పేరు పెట్టాలనిపిస్తే నాకు అభ్యంతరం లేదు.

బూట్లు పార్సిల్ చేశాను. బాగా అరిగాయి, నడక ఎక్కువైంది.

మీ అమ్మ ఈ ఉత్తరం చదవనివ్వమంటే ఇవ్వలేదు.

మీ నాన్న


ఏప్రిల్ 14

నాన్నా,

బూట్లు చేరాయి.

మనిషి నడిస్తే మడమ బయటి అంచు ముందు అరుగుతుంది. ఒక కాలు ఎక్కువ, ఒక కాలు తక్కువ. బూటు పైన వేళ్ళు వంగే చోట ముడతలు పడతాయి. నీ బూట్ల సోళ్ళు రెండూ ఇస్త్రీ చేసినట్టు ఒకే తీరుగా అరిగాయి. గీతలన్నీ ఒకే వైపుకి ఉన్నాయి. సందుల్లో సిమెంటు పొడి ఉంది. పైన ఒక్క ముడత లేదు.

మన బాల్కనీ గట్టు సిమెంటు కదా నాన్నా?

ఇక్కడ నలుగురు నీ మాట నమ్మి నాలుక కుట్లు విప్పారు. పక్కకి జరగకుండా రెండు వైపులా పట్టీలు వేసి మళ్ళీ కుట్టారు. వేసుకుని చూస్తే కాలే దూరలేదు. మళ్ళీ విప్పారు. కోతావిడ "ఎవరు చెప్పారు?" అని మాత్రం అడిగింది. మా నాన్న అని చెప్పలేకపోయాను.

మొదట నీకు పంపనిది ఇందుకే. నీకు బూటు అక్కర్లేదు. నేను చేశానన్న మాట చాలు. నాకు ఆ మాట చాలదు. పెద్దాయన ముందు నిలబడటానికి ఇంకా రెండు వారాలే ఉంది.

అవే బూట్లు మళ్ళీ పంపుతున్నాను. వేసుకుంటావో దాచుకుంటావో నీ ఇష్టం.


ఏప్రిల్ 21

పిచ్చుకా,

నీ ఉత్తరం కింద పేరు లేదు. మీ అమ్మకి చూపించాను. "మంచి పని చేసింది" అంది.

అవును, బాల్కనీ గట్టుకే రుద్దాను. నేను ఆ బూట్లు ఇంట్లో దుప్పటి పరిచి దాని మీద తప్ప వేసుకోలేదు. నీ చేతులతో చేసినదాన్ని బురదలో పెట్టబుద్ధి కాలేదు. ఆయన కోత డ్రాయింగు మీదికి ఎక్కేసరికి నాకు బుద్ధే లేకుండా పోయింది. ఆ కోతావిడకి చెప్పు, ఆ నాలుక నాదని, నోట్లోదీ బూటులోదీ రెండూ.

ఈసారి నిజంగా వేసుకున్నాను. కాబట్టి ఇప్పుడు రాస్తున్నది చదువు.

నడక బంగారం. ఇది పొగడ్త కాదు, పంపుహౌసు దాకా నిజంగానే వెళ్ళొచ్చాను. సంగతి నడకలో లేదు, గుమ్మం దగ్గర ఉంది. నేను పాలకి వెళ్తాను. వస్తాను, విప్పుతాను. మీ అమ్మ బ్రెడ్ మర్చిపోయారంటుంది. మళ్ళీ వేసుకుంటాను. పోస్టతను కింద నుంచి పిలుస్తాడు. మళ్ళీ. పైదాకా లేసులున్న బూటు వేసుకోవాలంటే వంగాలి, పొట్ట అడ్డమొస్తుంది, మోకాలు మడత పడదు. మెట్ల మీద కూర్చుంటే లేవడానికి రెయిలింగు వెతుక్కోవాలి. మరి ఈ నాలుగు రోజులూ ఎలా వేసుకున్నానంటావా? మీ అమ్మ కట్టింది. నేను మెట్టు మీద కూర్చుంటాను, తను కింది మెట్టు మీద కూర్చుని నా కాలు ఒళ్ళో పెట్టుకుని కడుతుంది. నీ స్కూలు బూట్లకి వేసిన ముడే, రెండు చెవులూ సమానంగా. పాలకి, బ్రెడ్‌కి, పోస్టుకి, ప్రతిసారీ. "ఈ వయసులో నాకు మళ్ళీ ఒకటో తరగతి పిల్ల దొరికింది" అని గొణుగుతుంది కానీ ముడి మాత్రం వదులు కట్టదు.

అప్పుడు దుప్పటి మీద వేసుకున్నా కట్టింది తనే. అందుకే నీకు రాయలేదమ్మా. నాకది ఇబ్బంది అనిపించలేదు. తప్పు రాయమంటే నాకు తోచనే లేదు.

తోచేలా చేసింది మీ మామగారు. సాయంత్రం బెంచీ దగ్గరికి వెళ్ళి, మడమ మాటకి క్షమించమన్నాను. ఆయన జరిగి చోటిచ్చారు. ఆయన బూట్ల వంక చూశాను, ఎప్పటిలాగే. లేసుల ముడి మట్టిపట్టి ఉంది. ఎన్నడూ విప్పినట్టు లేదు. "బావగారూ, ఇవెలా వేసుకుంటున్నారు?" అన్నాను. "ముడి అలాగే ఉంచి కాలు తోసేస్తా. నడుము వంగదు. ఇంట్లో ఇంకెవరున్నారు కట్టడానికి?" అన్నారు. మీ అత్తగారు పోయాక ఆయన ఇంట్లో ఒక్కరే ఉంటున్నారన్నది నాకు తెలియనిది కాదు. బూటు వేసుకోవడంలో కూడా అది ఉంటుందని మాత్రం తెలియదు. అలా తోసీ తోసీ బూటు వెనక భాగం లోపలికి మడతపడింది. అదే ఆయన్ని కొరికింది.

కాబట్టి నీ నాన్న మాట ఇది. ఈ బూటు రోజూ వేసుకోవడానికి పనికొస్తుంది, కట్టేవాళ్ళుంటే. లేనివాళ్ళకి పనికిరాదు. పాతకాలపు ఆటగాడు గుమ్మం దగ్గర ఒకసారి కట్టుకుని ఆట అయ్యాక విప్పేవాడు. మేము రోజంతా గుమ్మంలోనే ఆడతాం.

లేచేముందు ఆయన ఒక మాటన్నారు. "కోడలు నాకు ప్రశ్నలు టైపు చేసి పంపుతుంది. మడమ ఎలా ఉంది, వేళ్ళు ఎలా ఉన్నాయి. మీకు ఉత్తరాలు రాస్తుందట కదా. పిచ్చుక అని సంతకం చేస్తుందట." ఎవరు చెప్పారంటే మీ అమ్మట. "ఒకటి చదవనిస్తారా?" అన్నారు, కాలు ముందుకి పెట్టకుండా.

నేను ఇన్నాళ్ళూ ఆయన కాళ్ళు చూశాను కానీ ఎప్పుడూ మొహం చూడలేదమ్మా. ఆ రోజు మెడ నొప్పి పుట్టినా చూశాను.

అట్ట టోపీ ఉత్తరం ఇచ్చాను. చదివి చాలాసేపు నవ్వారు. తిరిగి ఇచ్చేటప్పుడు కాస్త ఆలస్యం చేశారు, నేను గమనించాను.

మీ నాన్న


మే 4

నాన్నా,

పేరు రాయనందుకు ఆ రోజు రాత్రే పశ్చాత్తాపపడ్డాను. ఇప్పుడు రెండుసార్లు రాస్తాను, సరేనా.

నీ ఉత్తరం అందిన రోజు కోతావిడకి చదివి వినిపించాను. ఆవిడ వెళ్ళి తన పాత బ్యాగు తెచ్చి దాని జిప్పు విప్పి చూపించింది. బూటు లోపలి వైపు, చీలమండ పక్కన, ఎవరికీ కనపడని చోట జిప్పు పెట్టాం. లేసులు ఒకసారి కట్టి వదిలేయొచ్చు. జిప్పు లాగితే కాలు దూరుతుంది, వేస్తే పట్టుకుంటుంది. బయట నుంచి చూస్తే నలభై ఏళ్ళ కిందటి బూటే.

పెద్దాయన దాన్ని వేసుకుని, విప్పి, వేసుకుని, విప్పారు. నేను చెప్పాల్సినవన్నీ కాగితం మీద రాసుకెళ్ళాను, కానీ నీ మాటే నోట్లోంచి వచ్చింది, "మేము రోజంతా గుమ్మంలోనే ఆడతాం" అని. ఆయన ఇంకోసారి జిప్పు లాగారు. తయారీకి వెళ్తోంది నాన్నా. మామగారి కోత అలాగే ఉంచాం, హాయిగా ఉందన్నారు అందరూ.

జిప్పుకి కూడా కోతావిడే పేరు పెట్టింది. నీకు కోపం రాకూడదు. "అమ్మ ముడి."

మామయ్యగారికీ నీకూ కొత్త జతలు వస్తున్నాయి. నీది ఎలా ఉందో రాయి. ఆయనకి ఈసారి ప్రశ్నలు పంపలేదు. ఉత్తరం రాశాను. అందులో ఏముందో నీకు చెప్పను.

పిచ్చుక
పిచ్చుక


మే 15

పిచ్చుకా, పిచ్చుకా,

నాకిప్పుడు భూమ్మీద కాలు నిలవడం లేదు. నీ మొదటి బూటు బయటికి వస్తోంది. లిఫ్టు మళ్ళీ పాడైంది, మెకానిక్కి మిగతా కథ కూడా చెప్పేశాను.

కానీ అమ్మ ముడి ఏమిటి? నడిచింది నేను. రాసింది నేను. నువ్వు పెద్దాయన ముందు అన్నది నా మాట. తనేమో మెట్టు మీద కూర్చుని గొణిగింది. ఇప్పుడు పక్కింటావిడతో "నా పేరు మీద ఏదో పెట్టారట, నాకేం తెలుసు" అంటూ రెండుసార్లు చెప్పింది. నాకు మీ మామగారి మీద పోయిన కుళ్ళు మొత్తం మీ అమ్మ మీదికి మళ్ళింది. ఆయనకి ఆ సంగతి చెబితే, "నా కోత మాట కూడా ఇప్పుడెవరూ ఎత్తడం లేదు, ఈ విషయంలో మనిద్దరం ఒక జట్టు బావగారూ" అన్నారు. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. ఏం రాశావో అడిగాను. నవ్వి జేబు తట్టుకున్నారు. అడగనులే. చూద్దాం ఎంతకాలం దాస్తారో.

కొత్త జత ఎలా ఉందో రాయమన్నావు. తప్పు లేని ఉత్తరం చదవనన్నావు కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను, ఇందులో ఒక లోటుంది. బూటుది కాదు, నాది. మీ మామగారు చెప్పారు, జిప్పు అద్భుతంగా ఉందట. నిలబడే వేసుకుంటున్నారట, మడమ నొప్పి పోయిందట. ఆయన మాట నమ్ము. పూర్తి వివరాలు ఆయన్నే అడుగు.

నేనింకా ఆ జిప్పు ముట్టుకోలేదు. పొద్దున పాలకి వెళ్ళేముందు లేసులు విప్పి, మెట్టు మీద కూర్చుని, కాలు చాపుతాను. "జిప్పుంది కదండీ" అంటుంది మీ అమ్మ. ఉందంటాను. అని, కాలు అలాగే ఉంచుతాను.

మీ నాన్న